పాత అల్యూమినియం బోటుకు ప్లైవుడ్, ఎపాక్సీ ట్రాన్సమ్: కొన్ని సీజన్లు వాడాక

ఇక్కడ చెబుతున్నది 14 నుంచి 16 అడుగుల పాత రివెట్ల ఫిషింగ్ బోటు గురించి. అమెరికాలో మిన్నెసోటా లాంటి చోట్ల మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా కొనేది ఇలాంటిదే. వెనక 25 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ (బయట తగిలించే మోటారు), దాన్ని మోసే ట్రాన్సమ్ అనే వెనక గోడ లోపల పుచ్చిపోయిన చెక్క. దాని బదులు 3/4 అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ కలిపి గట్టిపడనిచ్చే జిగురు) పూసి, 1.5 అంగుళాల మందంతో కొత్తది పెట్టి కొన్ని సీజన్లుగా వాడుతున్నాను. వేసవిలో సరస్సు నీళ్లు, చలికాలంలో గడ్డకట్టే చలి, రెండూ తిన్నాక కూడా చెక్క గట్టిగానే ఉంది. అయితే ఆ ఘనత ప్లైవుడ్‌ది కాదు, బోల్టు బెజ్జాల దగ్గర పెట్టిన శ్రద్ధది. నీళ్లు పలక మధ్యలోంచి రావు, బెజ్జాల్లోంచి వస్తాయి.

కొనేముందు పరీక్ష తేలిక. మోటారును విప్పకుండా, నడిపేటప్పటిలా కిందికి వంచి, దాని కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. ట్రాన్సమ్ పై అంచు మోటారుతోపాటు ఊగితే లోపల పని అయిపోయినట్టే. బోల్టుల కింద వాషర్లు చెక్కలోకి దిగబడ్డాయేమో చూడండి. అనుమానం తీరకపోతే ఒక బోల్టు విప్పి, ఆ బెజ్జంలో సన్నని డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పండి. పొడి రజను వస్తే పర్వాలేదు. నల్లగా, తడిగా పిప్పి వస్తే చెక్క మార్చాల్సిందే. పై అంచు బాగానే ఉందని అమ్మేవాళ్లు చూపిస్తారు, నమ్మొద్దు. కుళ్లు మొదలయ్యేది అడుగు అంచులోనే, బిల్జ్ నీళ్లు, అంటే బోటు అడుగున చేరేవి, నిలిచే చోట.

ఏ చెక్క అన్నదానిపై వాదనలకు అంతుండదు. బీఎస్ 1088 (బోట్ల ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణం) మెరైన్ ప్లైవుడ్ మంచిదే, లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. మామూలు ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్‌లోనూ జిగురు నీటికి తట్టుకునేదే, లోపం ఆ ఖాళీలదే. కోసిన అంచుల్లో ఖాళీ కనిపిస్తే చిక్కని ఎపాక్సీతో పూడ్చేస్తే చాలు, డబ్బు మిగులుతుంది. వాడకూడనిది ఒక్కటే: ప్రెషర్ ట్రీటెడ్ కలప, అంటే కుళ్లకుండా మందు ఎక్కించినది. ఇళ్ల పనులకు 2003 చివరితో సీసీఏ (రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు) కలప ఆగిపోయాక వచ్చిన ఏసీక్యూ రకాల్లో రాగి మరీ ఎక్కువ. తడి, రాగి, అల్యూమినియం ఒకచోట చేరితే లోహం తెల్లపొడిగా రాలి, చిల్లులు పడుతుంది. చెక్క కుళ్లదు, బోటు కుళ్లుతుంది. కూసా బోర్డు (చెక్క లేని ఫోమ్ పలక) కుళ్లదు, తేలిక కూడా. కానీ అది రెండువైపులా ఫైబర్‌గ్లాస్ పొరలు వేస్తేనే పూర్తి బలమిచ్చే సరుకు, పైగా ఖరీదు. పోసి గట్టిపడనిచ్చే మిశ్రమాలు ముఖ్యంగా ఫైబర్ బోట్ల కోసం. ఇక్కడ ట్రాన్సమ్ మూలల మీద రివెట్లతో బిగించిన రేకు క్యాపులు ఊడదీస్తే చెక్క మొత్తం బయటికొచ్చేస్తుంది కాబట్టి వాటి అవసరం లేదు.

క్యాపుల రివెట్లు తీసేటప్పుడు తల మధ్య సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, తల మందం వరకే డ్రిల్ చేసి, మిగతాది పంచ్‌తో తట్టి తోసేయాలి. నేరుగా డ్రిల్ చేస్తే బిట్ పక్కకి జారి రంధ్రం పెద్దదవుతుంది. పాత చెక్క ముక్కలుగా వచ్చినా పారేయకండి, పేర్చి అట్ట మీద గీసుకుంటే అదే కొలత. 60 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు అనుకుంటే రెండు పొరలకీ 4×8 షీటులో మూడింట రెండు వంతులు సరిపోతుంది. అడుగు అంచు పాతదాని కంటే పావు అంగుళం పొట్టిగా కోయండి, చెక్క నీళ్లలో కూర్చోకుండా ఉంటుంది.

చెక్క తీశాక అల్యూమినియం రేకును స్కాచ్‌బ్రైట్ అనే గరుకు పీచుతో రుద్దండి. ఇనుప తీగల బ్రష్ వద్దు, దాని రేణువులు గుచ్చుకుపోయి తర్వాత అక్కడే తినేస్తుంది. చీకట్లో వెనక నుంచి టార్చి వేస్తే సూదిమొన చిల్లులు కనబడతాయి. అలాంటివి ఎపాక్సీతో మూయొచ్చు. మోకాలి బ్రేసు (ట్రాన్సమ్‌ను బోటు అడుగుకు కలిపే లోహపు ఊత) పగిలి ఉంటే మాత్రం ముందు దాన్ని వెల్డింగ్ చేయించాలి, కొత్త చెక్క ఆ పగులును ఆపదు.

ఎపాక్సీలో నేను వాడింది వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్, 205 హార్డెనర్. పాళ్లు 5కి 1. పంపులు కొనండి, కళ్లంచనాతో కలిపితే ఎప్పటికీ జిడ్డుగానే ఉండిపోతుంది. 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో కప్పులో 10 నిమిషాలకే బిగుసుకోవడం మొదలవుతుంది, ఎక్కువ కలిపితే వేడెక్కి పొగలొస్తుంది. వేసవిలో 206 హార్డెనర్ నయం, రెట్టింపు సమయం దొరుకుతుంది. క్వార్టు రెజిన్ ఉండే చిన్న సైజు జత ఒకటి చాలు: పొరలు అతికించడానికి, మూడు కోట్లకు, బెజ్జాలకు. కోసిన అంచులకు ఇంకో కోటు అదనంగా వేయండి, ప్లైవుడ్ నీళ్లు తాగేది అక్కడే. ఆరిన కోటు మీద మైనంలాంటి పొర తేలుతుంది. దాన్ని మామూలు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే శాండ్‌పేపర్ పట్టాలి.

ఇక బెజ్జాలు. చెక్కను ఉత్తినే అమర్చి, బయటి రేకులో ఉన్న రంధ్రాల్లోంచే డ్రిల్ చేసి గుర్తులు తీసుకోండి. చెక్క బయటికి తీసి, 1/2 అంగుళం బోల్టుకు 3/4 అంగుళం బెజ్జం వేయండి. ఒకవైపు టేపు అంటించి, ముందు పల్చని ఎపాక్సీతో లోపలి గోడలు తడపండి. పొడి చెక్క మీద నేరుగా చిక్కనిది నింపితే అందులోని రెజిన్‌ను చెక్క పీల్చేసి అతుకు బలహీనపడుతుంది. తర్వాత 404 ఫిల్లర్ (చిక్కబరిచే పొడి) కలిపిన ఎపాక్సీ, గారెల పిండిలా చెంచా నుంచి జారనంత గట్టిగా, గాలి బుడగ లేకుండా నింపాలి. పూర్తిగా గట్టిపడ్డాక నడిమధ్యలో 1/2 అంగుళం తిరిగి డ్రిల్ చేయండి. ఇప్పుడు సీలెంట్ ఎప్పుడైనా పగిలినా నీళ్లు తగిలేది ఎపాక్సీ గొట్టానికి, చెక్కకు కాదు. వాషర్ దిగబడే సమస్య కూడా దీంతోనే పోతుంది. ఒక రోజు అదనంగా పట్టే పని ఇది, చాలామంది వదిలేసేదీ ఇదే.

బోల్టులు స్టెయిన్‌లెస్, లోపల పెద్ద వాషర్లు. అల్యూమినియం తగిలే చోట టెఫ్‌జెల్ (లోహాలు ఒకదాన్నొకటి తినకుండా ఆపే పేస్టు) రాయండి. మోటారు బోల్టులకు 3ఎం 4200 సీలెంట్ చాలు. మరీ గట్టిగా అతుక్కునే 5200 పెడితే రేపు మోటారు తీయాల్సివచ్చినప్పుడు నరకం. క్యాపులకు సాలిడ్ రివెట్లే మేలు. కలిపే రేకుల మందం దాటి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు పొడవు మిగలాలి. లోపలివైపు చెయ్యి పట్టని చోట క్లోజ్డ్ ఎండ్ బ్లైండ్ రివెట్లు (ఒకవైపు నుంచే బిగించేవి, కొన మూసుకుని ఉండేవి). పాత బోట్లలో నీళ్లు వదిలే గొట్టం ఇత్తడిది ఉంటుంది, అదీ తీసి అల్యూమినియందో ప్లాస్టిక్‌దో వేయండి.

సీజన్లు గడిచాక తేలిన లోపాలు రెండు. మొదటి వేసవి అయ్యాక బోల్టులు కాస్త బిగించాల్సివచ్చింది, ఆ తర్వాత కదల్లేదు. రెండోది ఫిష్ ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్ (చేపల్ని పసిగట్టే పరికరంలో నీళ్లలో ఉండే భాగం) మరలు. నీటిమట్టం కింద ఉండే ఆ చిన్న మరల చుట్టూ సీలెంట్ ముందుగా చీలింది. ఒక ప్లాస్టిక్ పలకను ఒకేసారి బిగించి, ఆపై మార్పులన్నీ ఆ పలక మీదే చేసుకుంటే ట్రాన్సమ్‌కు కొత్త చిల్లులు పడవు. క్యాపు కింద ఎండ తగిలే ఎపాక్సీ అంచు పసుపెక్కింది, రంగు వేసిన చోట ఆ బాధ లేదు. అడుగున రాగి కలిసిన పెయింటు మాత్రం అల్యూమినియం మీద ఎన్నడూ వద్దు.

ట్రాన్సమ్ గట్టిపడింది కదా అని పెద్ద మోటారు తగిలించకండి. 1972 నవంబరు తర్వాతి బోట్లకు కోస్ట్‌గార్డ్ నిబంధన ప్రకారం కెపాసిటీ ప్లేటు (బోటు ఎంత బరువు, ఎంత మోటారు మోయగలదో రాసిన పలక) ఉంటుంది, అందులోని హార్స్‌పవరే హద్దు. అదే హార్స్‌పవర్‌లో కొత్త ఫోర్ స్ట్రోక్ సాధారణంగా పాత టూ స్ట్రోక్ కంటే బరువు, మార్చేముందు బరువు కూడా చూసుకోండి. గతుకుల రోడ్డు మీద ట్రైలర్‌తో వెళ్లేటప్పుడు పైకి ఎత్తిన మోటారు కింద ట్రాన్సమ్ సేవర్ అనే ఊత కడ్డీ పెట్టండి, బరువులో కొంత ట్రైలర్ మీద పడుతుంది.