రేటు సీజన్‌ది, సేవ ఆఫ్ సీజన్‌ది: డిసెంబరులో గుల్మార్గ్

డిసెంబరులో స్కీయింగ్‌కి వెళ్దామనుకునే వాళ్ళకి ముందే ఒక మాట. ఆ నెలలో హోటల్ వాళ్ళు వసూలు చేసేది పూర్తి సీజన్ రేటు. గది చల్లగా ఉందేమిటని అడిగితే మాత్రం "సీజన్ ఇంకా మొదలవలేదు కదా మేడమ్" అంటారు. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో నాకు జరిగింది ఇదే. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. గుల్మార్గ్ బాగోలేదని కాదు, మళ్ళీ స్కీయింగ్ అంటే అక్కడికే పోతాను. ఆ హోటల్ గడప మాత్రం తొక్కను.

వెళ్ళింది నేను, మా ఆయన, తమ్ముడు, మరదలు. మేము బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, వాళ్ళు బెళ్ళందూరులో. మాలో ఎవరికీ స్కీయింగ్ రాదు. మంచు అంటే ఫన్ వరల్డ్ దగ్గర స్నో సిటీలో గంటసేపు చూసిందే. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే మంచి మంచు దొరుకుతుందని అందరూ చెప్పారు. కానీ మరదలు పదో తరగతికి లెక్కలు చెప్తుంది. సంక్రాంతి దాటాక సెలవు అడిగితే ప్రిన్సిపాల్ ముఖం ఎలా పెడతారో తనకు తెలుసు. అందుకని డిసెంబరే ఖాయం చేసుకున్నాం.

ఎక్కడికి వెళ్ళాలన్నది వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవే అయింది. తమ్ముడు ఉత్తరాఖండ్‌లోని ఔలీ అన్నాడు, నందాదేవి ఎదురుగా కనిపిస్తుందని. మా ఆయన సోలాంగ్ అన్నారు, చవకని. నేను గుల్మార్గ్ అన్నాను. బెంగళూరులో ఒక ట్రావెల్ ఏజెంటు మూడింటికీ ఒకే రకం ప్యాకేజీ పంపి, కింద "మంచు గ్యారంటీ" అని రాశాడు. ఆకాశంలోంచి పడే దానికి ఈయన గ్యారంటీ ఏమిటి? 2024 జనవరిలో గుల్మార్గ్‌లోనే చాలా రోజులు మంచు లేక గడ్డి కనిపించింది. 2025లో అక్కడి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీల్ని మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. నడి చలికాలంలోనే అలా ఉంటే డిసెంబరు సంగతి వేరే చెప్పాలా? ఆ ఏజెంటుకి అక్కడే నమస్కారం పెట్టేశాం.

నేను చూసింది ఎత్తులు. సోలాంగ్ మనాలి నుంచి పదమూడు కిలోమీటర్లే, వెళ్ళడం సులువు. కానీ స్కీ వాలు ఉన్నది సుమారు 2,500 మీటర్ల దగ్గర. డిసెంబరులో అక్కడ మంచు నిలవకపోతే టాక్సీలన్నీ అటల్ టన్నెల్ దాటి సిస్సు వైపు పరిగెడతాయి. మంచులో ఫోటోలు దిగి, ట్యూబులో జారి రావడానికి అది చాలు. స్కీలు కట్టుకుని నేర్చుకోవడానికి చాలదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి సోలాంగే నయమని చెప్తాను, మాకు మాత్రం కాదు.

ఔలీ విషయంలో తమ్ముడు చెప్పిందాంట్లో నిజం ఉంది. వాలు దాదాపు 2,500 నుంచి 3,050 మీటర్ల వరకు ఉంటుంది, కొత్తవాళ్ళకి హాయిగా ఉంటుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు అక్కడ జరిగాయి, కృత్రిమంగా మంచు చేసే యంత్రాలు కూడా అప్పుడు పెట్టారు. కానీ కింద ఉన్న జోషీమఠ్‌లో నేల కుంగడంతో అక్కడినుంచి ఔలీకి నడిచే రోప్‌వేని 2023 జనవరిలో ఆపేశారు. రోడ్డు మీదే ఎక్కాలి. రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కి దాదాపు 250 కిలోమీటర్ల కొండ దారి, పగలంతా అందులోనే పోతుంది. మరదలికి నంది హిల్స్ ఎక్కేలోపే రెండుసార్లు కారు ఆపాలి. అంత దూరం పోయాక మంచు పడకపోతే చుట్టుపక్కల వేరే వ్యాపకం కూడా ఉండదు. మా ఆయన ఒక్క మాట అన్నారు: "మంచు లేని ఔలీకి పోవడం కంటే హార్స్‌లీ హిల్స్‌కి పోదాం, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం." దాంతో ఔలీ కథ ముగిసింది. తమ్ముడు రెండ్రోజులు గ్రూపులో మాట్లాడలేదు.

గుల్మార్గ్‌లో ఊరు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గండోలా, అంటే కేబుల్ కారు, మొదటి దశ ఎక్కితే కొంగ్‌దూరి, సుమారు 3,100 మీటర్లు. రెండో దశలో అఫర్‌వట్, 3,950 దాకా. కింద గడ్డి కనిపిస్తున్నా గండోలాలో కాసేపు కూర్చుంటే మంచులో దిగొచ్చన్నమాట. డిసెంబరుకి ఇదొక్కటే నాకు నమ్మకంగా అనిపించిన లెక్క. మంచు బొత్తిగా పడకపోయినా శ్రీనగర్ యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది, సెలవులు వృథా కావు.

రెండో దశ గురించి కొంచెం జాగ్రత్త చెప్పాలి. అక్కడి మంచు చూసి మురిసిపోయి కొత్తవాళ్ళు స్కీలు కట్టుకుని దిగే చోటు కాదది. వాలు నిటారుగా ఉంటుంది, చాలావరకు చదును చేసిన దారి ఉండదు. 2023 ఫిబ్రవరిలో అఫర్‌వట్ మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు విదేశీ స్కీయర్లు చనిపోయారు. చూడ్డానికి ఎక్కండి, గండోలాలోనే దిగి రండి. టికెట్లు ఆన్‌లైన్‌లో, మీ గుర్తింపు కార్డుతో, మీరే కొనుక్కోండి. మధ్యలో ఎవరో ఇప్పిస్తామంటే నమ్మొద్దు. గుల్మార్గ్‌కి కింద ఉన్న తంగ్‌మార్గ్‌లో మాకు ముగ్గురు మనుషులు "టికెట్లు అయిపోయాయి, నా దగ్గరున్నాయి" అన్నారు. మా టికెట్లు అప్పటికే ఫోన్లో ఉన్నాయి.

ప్రయాణం మామూలుగానే సాగింది. ఢిల్లీ మీదుగా రానూపోనూ మనిషికి 17,860 అయింది. శ్రీనగర్ ఎయిర్‌పోర్టు నుంచి తంగ్‌మార్గ్‌కి టాక్సీ 2,600. అక్కడ డ్రైవరు అడక్కుండానే ఒక కొట్టు ముందు ఆపాడు. గమ్‌బూట్లు, కోటు అద్దెకి తీసుకోకపోతే పైకి వెళ్ళనివ్వరని కొట్టువాడి వాదన. అలాంటి నియమమేదీ లేదు. సర్జాపుర రోడ్డు డెకాథ్లాన్‌లో కొన్న ప్యాంట్లు, గ్లౌజులు బ్యాగులోంచి తీసి చూపించాక వదిలాడు. బట్టలు మీ ఊళ్ళోనే కొనుక్కెళ్ళండి. ముఖ్యంగా గ్లౌజులు. అద్దె గ్లౌజులు ముందువాడి చెమటతో తడిసి ఉంటాయి.

ఇక హోటల్. పేరు రాయను. గండోలాకి నడిచి వెళ్ళే దూరంలో ఉంటుంది, యాప్‌లో ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, "24 గంటల సెంట్రల్ హీటింగ్" అని పెద్దక్షరాల్లో ఉంది. గదికి రాత్రికి 9,500, పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి. రెండు గదులకి మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు.

గదిలోకి అడుగు పెడితే బయటే వెచ్చగా ఉందనిపించింది. గోడకి రేడియేటరుంది, చెయ్యి పెడితే ఇనుములా చల్లగా ఉంది. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే సాయంత్రం ఆరుకి వేస్తామన్నారు. ఆరు దాటింది, ఏడైంది. మేనేజరు వచ్చి అప్పుడు చెప్పాడు అసలు విషయం: బాయిలర్ క్రిస్మస్ వారం నుంచే నడుపుతారట, ఇప్పుడు గదులు సగం కూడా నిండలేదు కాబట్టి డీజిల్ గిట్టుబాటు కాదట. కావాలంటే కరెంటు హీటరు ఇస్తారట, గదికి రాత్రికి 1,000. గదులు నిండకపోతే రేటెందుకు తగ్గించలేదని అడిగాను. "అది సీజన్ రేటు మేడమ్, డిసెంబరు ఒకటి నుంచి వర్తిస్తుంది" అన్నాడు, నవ్వుతూనే. రేటుకి సీజన్ ఒకటో తారీఖున మొదలవుతుంది, బాయిలర్‌కి క్రిస్మస్‌కి మొదలవుతుంది.

హీటరు తీసుకున్నాం, గత్యంతరం లేదు. రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. కాశ్మీరులో చలికాలం కరెంటు కోత మామూలే, అది హోటల్ తప్పు కాదు. జనరేటరు వెయ్యకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. రెండు రజాయిల కింద స్వెట్టర్లతో, మంకీ క్యాపులతో పడుకున్నాం. పొద్దున కుళాయి తిప్పితే చుక్క నీరు రాలేదు, పైపులో గడ్డకట్టిందట. నలుగురికి కలిపి రెండు బకెట్ల వేడినీళ్ళు పంపారు. మరదలు ఏడుపు ఒక్కటే తక్కువ. "వదినా, ఇంత డబ్బు పెట్టి మనం చలికి వణకడానికొచ్చామా?" అంది. మెనూలో ఉన్నవాటిలో సగం "సరుకు ఇంకా పైకి రాలేదు". టిఫిను రెండు రోజులూ ఆలూ పరాఠా, ఆమ్లెట్టు.

రెండో రాత్రి కూడా అదే వరస. దాంతో తెల్లారి సామాను సర్దుకుని తంగ్‌మార్గ్‌కి దిగిపోయాం. మిగిలిన రాత్రుల డబ్బు వెనక్కివ్వం, పాలసీ అన్నారు. ఇవ్వకపోతే పోనీ, ముందు ఇక్కడినుంచి బయటపడదాం అన్నారు మా ఆయన. జీవితంలో ఆయన డబ్బు గురించి అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

తంగ్‌మార్గ్‌లో దొరికింది ఒక ఇంటివాళ్ళు నడిపే చిన్న గెస్ట్‌హౌస్. గదికి 3,200, రెండు పూటలా భోజనంతో. హాల్లో బుఖారీ ఉంది, అంటే కట్టెల పొయ్యి, పొగగొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది. కరెంటుతో దానికి పని లేదు. రాత్రంతా కట్టెలు వేస్తూనే ఉన్నారు. ఆ ఇంటి పెద్దాయన తమ్ముడికి ఫెరన్ అనే పొడుగు అంగీ తొడిగి, లోపల కాంగ్రి నిప్పుల బుట్ట ఎలా పట్టుకోవాలో చూపించాడు. వాడు ఇక దాన్ని వదల్లేదు.

అన్నిటికంటే ఆశ్చర్యం భోజనం. ఉత్తరాదికి పోతే రొట్టెలతో సరిపెట్టుకోవాలని మరదలు కుక్కర్ తెస్తానంది, నేనే వద్దన్నాను. అక్కడ రెండు పూటలా అన్నమే! హాఖ్ అని ఒక ఆకుకూర వండారు. ఆవనూనెలో వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, చారులా పల్చగా, ఆకులు విడివిడిగా. వేడన్నంలో కలుపుకుంటే మా అమ్మ చేసే చుక్కకూర పులుసు పులుపు లేకుండా తిన్నట్టుంది. మేం తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఇంటావిడకి రుచి చూపిస్తే, మర్నాటికి సీసా మాది కాకుండా పోయింది. మాకూ అదే సంతోషం.

అక్కడినుంచి గుల్మార్గ్ పదమూడు కిలోమీటర్లు. చక్రాలకు గొలుసులు కట్టిన బండికి రానూపోనూ రోజుకి 1,800. ఇది కలుపుకున్నా ఖర్చు హోటల్లో సగమే. డిసెంబరులో వెళ్ళేవాళ్ళు తంగ్‌మార్గ్‌లో ఉండండి, పైన వద్దు. ఒక ఇబ్బంది, మంచు గట్టిగా పడిన పొద్దున దారి తెరిచేదాకా ఆగాలి. మాకొకరోజు పదకొండయింది.

స్కీయింగ్ సంగతి. ఊళ్ళో వాలు మీద మంచు పల్చగా, రాళ్ళు తేలి ఉంది. నేర్పే అబ్బాయి చూడగానే "ఇక్కడ వద్దు, స్కీలు పాడవుతాయి" అని కొంగ్‌దూరికి తీసుకెళ్ళాడు. అక్కడ మోకాలి లోతు మంచు. స్కీలు, బూట్లు, పోల్స్ మనిషికి రోజుకి 1,000, నేర్పినందుకు ఇద్దరికి కలిపి 2,000. బేరమాడితే తగ్గేవాడేమో, అంత ఓపికగా నేర్పాక అడగబుద్ధి కాలేదు. ముందు బూట్లతో నడక, తర్వాత ఒక్క స్కీ మీద జారడం, ఆ తర్వాత మడమలు విడదీసి ముందు కొసలు దగ్గరకి తెచ్చి ఆగడం. దాన్ని అతను పిజ్జా అంటాడు. "పిజ్జా! పిజ్జా!" అని అరుస్తుంటే తమ్ముడు నేరుగా వెళ్ళి స్లెడ్జీ లాగే ఆయన మీద పడ్డాడు. అందరికంటే బాగా వచ్చింది ఎవరికంటే, చలికి తిట్టుకుంటూ వచ్చిన మా ఆయనకి. తమ్ముడికి అది మింగుడు పడలేదు. "బావ బరువు తక్కువ, అందుకే" అన్నాడు.

పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఐఐఎస్ఎం అనే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, మనాలిలో పర్వతారోహణ సంస్థ ఉంది. సెలవులు కుదిరితే అక్కడి కోర్సులే మంచివి.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ పాతబస్తీలో ఆలీ కదల్‌లో పొద్దున్నే హరీసా తిన్నాం. రాత్రంతా ఉడికించి మెదిపిన మాంసం, పైన సలసల కాగే నూనె పోస్తారు, పక్కన తందూరు రొట్టె. ఆ రోజు శనివారం. మా ఆయన రొట్టె, ఉప్పు టీతో సరిపెట్టుకుని మా ముగ్గురి వైపు చూస్తూ కూర్చున్నారు. మీకు శనివారాల పట్టింపుంటే టికెట్లు తీసేటప్పుడే చూసుకోండి.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. శ్రీనగర్ ఎయిర్‌పోర్టులో తనిఖీలు గేటు బయటే మొదలవుతాయి, మూడు గంటల ముందు చేరండి. మంచుకి విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు పెట్టుకోవద్దు.

హోటల్ డబ్బు సంగతి ఇంకా తేలలేదు. ఉండని రాత్రులకి 38,000 పోయింది. "24 గంటల హీటింగ్" అన్న పేజీ స్క్రీన్‌షాట్ తమ్ముడు కట్టే ముందే తీసి పెట్టాడు. అది, చల్లగా ఉన్న రేడియేటరు వీడియో యాప్ వాళ్ళకి పంపాక హీటర్ల 4,000 మొత్తం, మిగతాదాంట్లో 19,000 వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ పేజీలో "హీటింగ్ లభ్యతను బట్టి" అని మార్చారు. మిగిలిన 19,000 కోసం 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.