సీట్లు నిండాయన్న కాగితం చూసి డిగ్రీ ఫీజు కట్టకండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే మన దగ్గర పీఆర్వోల, అంటే ప్రైవేటు డిగ్రీ కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్ల, తిరుగుడు మొదలవుతుంది. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపైనా, పాలమూరు, జడ్చర్ల వైపైనా ఇదే తీరు. చేతిలో ఒక కాగితం ఉంటుంది: ఏ కోర్సులో ఎన్ని సీట్లు, ఎంత శాతం నిండాయి అని. మా అక్క కూతురిని బీఎస్సీ డేటా సైన్స్‌లో చేర్పించింది ఆ కాగితమే. "అరవైల యాభై ఎనిమిది నిండినయ్, రెండే మిగిలినయ్, ఇయ్యాల్నే అడ్వాన్స్ కట్టుండ్రి" అన్నారు. తీరా క్లాసులు మొదలైతే ఆ గ్రూపులో ఇరవై మంది కూడా లేరు. రెండో సెమిస్టర్‌లో సబ్జెక్టు చెప్పే ఒక్క లెక్చరర్ మానేశారు. ఇంత తక్కువ మందికి ఇంకొకరిని పెట్టలేమని కాలేజీవాళ్లు మొహం మీదే చెప్పారు.

ఈసారి పిల్లల్ని చేర్పించేవాళ్లు ఆ 58 ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. అది దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి) మొదటి విడతలో అలాట్ అయిన సంఖ్య. అలాట్ అయినవాళ్లంతా చేరినట్టు కాదు. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు తెలపాలి, చేయకపోతే సీటు పోతుంది. చేసినవాళ్లు కూడా తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి ఇంకో కాలేజీకి పోవచ్చు. అన్ని విడతలూ అయ్యాక సర్టిఫికెట్లతో కాలేజీకి వచ్చి రిపోర్ట్ చేసినవాళ్లే అసలు చేరినవాళ్లు. పైగా మా అక్క కూతురి క్లాస్‌మేట్లలో చాలామందికి వెబ్ ఆప్షన్లు పెట్టింది పీఆర్వోలే. పిల్లల దోస్త్ ఐడీ, పిన్ తీసుకుని తమ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెడితే అలాట్‌మెంట్ నిండుగా కనిపించక ఏమవుతుంది? ఎవరడిగినా ఆ పిన్, ఓటీపీ ఇవ్వకండి. మీ సేవలోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో కూర్చుని మీ కళ్ల ముందే ఆప్షన్లు పెట్టించండి.

శాతం చెబితే దేని మీద శాతమో అడగండి. 60 సీట్లను 30కి తగ్గించుకుని 27 మందిని చేర్చుకుంటే 90 శాతం నిండినట్టే చూపిస్తారు. పోయినేడు ఇదే కోర్సుకు ఎన్ని సీట్లున్నాయో అడిగితే విషయం బయటపడుతుంది. "మా దగ్గర 1,200 మంది చదువుతున్నారు" అనేది మూడేళ్లవాళ్లనూ, అన్ని గ్రూపులవాళ్లనూ కలిపిన లెక్క. మీ కోర్సు గురించి అది ఏమీ చెప్పదు.

కాలేజీ చూడటానికి వెళ్తే నిండు క్లాసు చూపిస్తారు. మా వాళ్లకూ చూపించారు. అది ఇంగ్లిష్ క్లాసు. ఇంగ్లిష్, తెలుగు క్లాసులకు బీకాం, బీఎస్సీ అందరినీ కలిపి కూర్చోబెడతారు కాబట్టి గది నిండుతుంది. మీరు చూడాల్సింది మీ గ్రూపు సబ్జెక్టు క్లాసు, అది కూడా మూడో ఏడాదిది. మొదటి సెమిస్టర్ పరీక్ష ఎంతమంది రాశారు, అదే బ్యాచ్‌లో అయిదో సెమిస్టర్ ఎంతమంది రాశారు అని సీనియర్లను అడగండి. నన్నడిగితే అన్నిటికంటే నమ్మదగిన లెక్క ఇదే. రిజిస్టర్‌లో పేరుండి, మనిషి హైదరాబాద్‌లో కానిస్టేబుల్ కోచింగ్‌లోనో ఉద్యోగంలోనో ఉండటం మన జిల్లాల్లో కొత్త కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆ పేరు లెక్కలో ఉంటుంది.

కొందరు కేంద్రం సర్వే లెక్కలని ఏఐఎస్‌హెచ్‌ఈ (దేశంలోని కాలేజీలు, యూనివర్సిటీల మీద చేసే సర్వే) పేరు చెబుతారు. సర్వే నిజమే, కానీ వెనుకటి సంగతి. 2021-22 నివేదిక బయటికి వచ్చింది 2024 జనవరిలో. ఈ ఏడు మీ పిల్ల క్లాసులో ఎవరుంటారో అందులో దొరకదు.

తక్కువ మంది ఉన్నంత మాత్రాన కోర్సు చెడ్డదని కాదు. పదిహేను మంది ఉన్నా పర్మనెంట్ లెక్చరర్, పనిచేసే ల్యాబ్ ఉంటే ధైర్యంగా చేర్పించవచ్చు. ప్రైవేటులో మాత్రం జనం తగ్గితే ముందు పోయేది లెక్చరరే. కాబట్టి సంఖ్య అడిగినప్పుడే ఆ సబ్జెక్టు ఎవరు చెబుతున్నారు, ఎన్నేళ్ల నుంచి చెబుతున్నారు అని కూడా అడగండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు ఒక మాట. మానేస్తామంటే మూడేళ్ల ఫీజు కడితేనే టీసీ, మెమోలు ఇస్తామని మా వాళ్లను బెదిరించారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఆపుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నోటిమాటతో వదలకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఇవ్వకపోతే నల్లగొండవాళ్లు మహాత్మా గాంధీ యూనివర్సిటీకి, మహబూబ్‌నగర్‌వాళ్లు పాలమూరు యూనివర్సిటీకి రాయండి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. మేమూ పెట్టాం. టీసీ ఇంకా చేతికి రాలేదు. వచ్చినా రాకపోయినా ఇక్కడే చెబుతాను.