దావోలో బగోబో నేత: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి, ఎక్కడ ఉండాలి

ఫిలిప్పీన్స్‌లోని దావోలో మన తెలుగు పిల్లలు ఎంతమంది మెడిసిన్ చదువుతున్నారో తెలిసిందే, వాళ్ళని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు కూడా తక్కువేం కాదు, కానీ వెళ్ళినవాళ్ళు సమాల్ బీచ్, ఈగల్ సెంటర్, దురియన్ తింటూ ఒక ఫోటో, అంతటితో వచ్చేస్తారు. నేను మా అక్క కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు బగోబోల నేత చూడాలనే ముందే గట్టిగా అనుకున్నా, ఎందుకంటే మాది పోచంపల్లి పక్క ఊరు, చిటికి (ఇక్కత్) కట్టే చేతుల మధ్య పెరిగినదాన్ని, సముద్రం అవతల ఇంకెవరో అదే పని చేస్తున్నారంటే చూడకుండా ఎలా ఉంటాను.

బగోబోలు అంటే మిందనావ్ దీవిలో అపో కొండ (2,954 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తు) చుట్టూ ఉండే ఆదివాసులు. తగబావా, క్లాతా, ఊబో అని వేరు వేరు గుంపులు. వాళ్ళ నేత బట్ట పేరు ఇనబల్. నూలు కాదు, పట్టు కాదు, అబాకా నార, అంటే అరటి జాతి చెట్టు బోదె నుంచి తీసిన పీచు.

ముందు సిటీలో మ్యూజియో దబావెన్యో చూడండి, సిటీ హాల్‌కి దగ్గరే, మాకు టికెట్ లేదు, గంట పెట్టుకుంటే చాలు. కానీ ఒక సంగతి తెలుసుకుని వెళ్తే ఆ బట్టల్ని చూసే చూపే మారిపోతుంది. పాతకాలంలో బగోబో మగవాడు ఏ రంగు కట్టాలనేది వాడిష్టం కాదు. ఫే కూపర్ కోల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1913లో అచ్చేసిన దాంట్లో రాశాడు: ఇద్దరిని చంపినవాడే తెల్ల డిజైన్ ఉన్న చాక్లెట్ రంగు తలగుడ్డ కట్టాలి, నలుగురిని చంపితే రక్తం రంగు లాగు, ఆరుగురైతే ఒళ్ళంతా ఆ ఎరుపే. అలాంటి వీరుణ్ణి మగాని అంటారు, ఆ తలగుడ్డ తంకులు. ఇక ఆడవాళ్ళ రవికెల మీద చిప్పల బిళ్ళలు, పూసలు, చేతుల నిండా ఇత్తడి కడియాలు, కాళ్ళకి చిన్న గజ్జెలు. పూసల పనయితే అరచేయంత జాగా కూడా ఖాళీ వదలరు. పాతవాటిలో చాలా మంచివి ఇప్పుడు న్యూయార్క్, షికాగో మ్యూజియాల్లో ఉన్నాయి, అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేసింది.

ఆగస్టులో వెళ్తే కదయావన్ పండగ ఉంటుంది, దావోలోని 11 తెగలవాళ్ళు వాళ్ళ వాళ్ళ బట్టల్లో వస్తారు, మగ్సాయ్‌సాయ్ పార్కులో వాళ్ళ ఇళ్ళ నమూనాలు కూడా కడతారు. చాలా బాగుంటుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే బెస్ట్. కాకపోతే రూములు ముందే బుక్ చేసుకోవాలి, జనం విపరీతం.

సిటీలో సావనీర్ షాపుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక షాపులో ప్రింట్ గుడ్డని ఇనబల్ అని చూపించారు, ఇంకో చోట ట్నలాక్‌ని బగోబోలది అన్నారు. ట్నలాక్ కూడా అబాకా నేతే, అందమైనదే, కానీ అది ట్బోలీ అనే ఇంకో తెగవాళ్ళది, లేక్ సెబూ దగ్గర నేస్తారు. ఒకరి చేతి పనిని ఇంకొకరి పేరు మీద అమ్మడం ఆ ఇద్దరికీ అన్యాయం, నాకు అస్సలు నచ్చలేదు.

అసలు పని చూడాలంటే బన్సలాన్ అనే ఊరికి వెళ్ళాల్సిందే. దావోలో ఎకోలాండ్ టెర్మినల్ నుంచి కిదపవాన్ వెళ్ళే బస్సు ఎక్కితే దిగోస్ మీదుగా వెళ్తుంది, బన్సలాన్‌కి రెండు గంటలు దాటుతుంది, అక్కణ్ణుంచి లోపలి ఊళ్ళకి హబల్‌-హబల్ అనే బైకులే దిక్కు. బితౌగ్ అనే ఊరు పేరున్న బగోబో నేతకత్తె సలింతా మొనోన్ గారిది, 1998లో అక్కడి ప్రభుత్వం గవాద్ సా మన్లిలిఖా నంగ్ బయాన్ అనే పెద్ద గుర్తింపు ఇచ్చింది ఆవిడకి. పన్నెండేళ్ళ వయసులో అమ్మ దగ్గర నేర్చుకుని 2009లో పోయేదాకా ఆ పనే. ఆవిడకి ఇష్టమైన డిజైన్ బినువాయా, మొసలి, అన్నిట్లోకీ కష్టమైనది అదే. మూడున్నర మీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు బట్టకి మూడు నాలుగు నెలలు పట్టేదట.

ఎందుకంత టైమో ఒక పెద్దావిడ మగ్గం పక్కన కూర్చుంటే తెలిసింది. అబాకాని వడకరు, పీచు చివర ఇంకో పీచు ముడేసి, ముడి కనపడకుండా కొస కత్తిరించి, అలా వందల వేల ముడులు. తర్వాత పడుగు సాపు చేసి, రంగు అంటకూడదు అనుకున్న చోట గట్టిగా కట్టి, ముదురు రంగులో ముంచి, కొన్ని కట్లు విప్పి, మళ్ళీ ఎరుపులో. మన దగ్గర గ్రాఫ్ పేపర్ మీద గీసుకుంటాం, అక్కడ కాగితమే లేదు, మొసలి మొత్తం ఆవిడ తలలోనే ఉంది. డిజైన్ పడుగులోనే ఉంటుంది, పేక ఒకే రంగు. మగ్గానికి ఒక కొస ఇంటి దూలానికి, ఇంకో కొస నడుము పట్టీకి, వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది, అంటే మనిషే మగ్గంలో సగం. ఎండ ముదిరితే పీచు పుటుక్కున తెగుతుంది, అందుకే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం వెళ్తే పని ఆపేసి ఉంటారు. చివర్లో గవ్వతో ఒత్తి రుద్దితే నిగనిగలాడే మెరుపొస్తుంది.

ఊళ్ళోకి నేరుగా కెమెరా పట్టుకుని దూరకండి, ముందు బరంగాయ్ (మన పంచాయతీ లాంటిది) ఆఫీసులో చెప్పి వాళ్ళ పెద్దల అనుమతి అడగండి, ఫోటోకి కూడా.

లేక్ సెబూ సంగతి ఒక్క మాటలో: టూరిస్టులకి ఏర్పాట్లు బాగా ఉన్నాయి, సరస్సు పక్కనే రిసార్టులు, నేత చూపించే సెంటర్లు, పెద్దవాళ్ళతో వెళ్తే అదే సుఖం. కానీ బగోబో కావాలంటే బన్సలానే.

ఉండటానికి బన్సలాన్ వైపు పెద్దగా చూడకండి, దావోలో బజాదా ఏరియాలో పెన్షన్ హౌస్‌లు (చిన్న లాడ్జీలు) చవక, శుభ్రం, మన పిల్లల కాలేజీ కూడా అటే కాబట్టి అన్నం పప్పు దొరికే చోట్లు ఉన్నాయి. బయట శాకాహారులకి కష్టమే, కూరగాయలు అన్నదాంట్లో కూడా చేపో పందిమాంసమో వేస్తారు, అడిగి తినండి. దురియన్ హోటల్ రూమ్‌కి తీసుకెళ్ళనివ్వరు. వీసా విషయానికొస్తే 2025 జూన్ నుంచి ఇండియన్స్‌కి టూరిస్టుగా 14 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తున్నారు, వెళ్ళే ముందు ఒకసారి రూల్స్ చూసుకోండి.

కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి, నిజమైనదైతే రంగు రెండు వైపులా ఒకేలా దిగి ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, దగ్గరగా చూస్తే సన్నని ముడులు కనిపిస్తాయి, కొత్తది కాస్త బిరుసుగా ఉంటుంది. ధర వేల పెసోల్లో చెప్తారు, దయచేసి బేరమాడకండి. అంత పెట్టలేకపోతే అక్కడే చిన్న ముక్కలు, పర్సుల లాంటివి ఏమన్నా ఉన్నాయేమో అడగండి, నేను అలాగే ఒక చిన్న ముక్క తెచ్చుకున్నా. మడత పెడితే గీతలు పడతాయని చుట్టి ఇచ్చారు, బట్ట కొనేవాళ్ళు సూట్‌కేసులో ఆ పొడవుకి జాగా చూసుకుని వెళ్ళండి.