మా ఇంటి హీటింగ్‌కు కొత్త ఎక్స్‌పాన్షన్ వెసెల్
లండన్‌లోని మా ఇంటిని బాయిలర్‌లో కాగి గొట్టాలలో తిరిగే నీరు వెచ్చగా ఉంచుతుంది. వేడికి వ్యాకోచించే ఆ నీటికి చోటిచ్చే తొట్టిని ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. గత శీతాకాలం బిగించిన 12 లీటర్ల వెసెల్ పనితీరు నాకు తృప్తినిచ్చింది. నీరు 10 నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే దాదాపు 3 శాతం వ్యాకోచిస్తుంది. మూసి ఉన్న గొట్టాలలో దానికి చోటు లేకపోతే పీడనం పెరిగి, 3 బార్ల (ఒక బార్ దాదాపు వాతావరణ పీడనమంత) వద్ద సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీరు బయటికి పోతుంది. పాత వెసెల్‌లోని రబ్బరు పొర చిరగడంతో మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగి, బాయిలర్ చల్లారిన ప్రతిసారీ పీడనం సున్నాకు చేరువయ్యేది. కొత్తదానిలో పొరకు ఒకవైపు నీరు, మరోవైపు 1 బార్ పీడనంతో నింపిన గాలి ఉంటాయి. నీరు వ్యాకోచించినప్పుడు గాలి కుదించుకుని చోటిస్తుంది. ఇప్పుడు నీరు చల్లగా ఉన్నప్పుడు పీడనం 1.2, వేడెక్కాక 1.7 బార్లు చూపుతోంది. గాలి పీడనాన్ని ఏటా, అదీ నీటి పీడనాన్ని పూర్తిగా తగ్గించిన తరువాతే కొలవాలన్న ముఖ్యమైన సూచనను చిన్న అక్షరాలలో ముద్రించడం మాత్రం నాకు నచ్చలేదు.