పైలట్‌కూ క్రూ షెడ్యూలర్‌కూ మధ్య ఏ ఏర్పాటు మేలు?

మా అక్క కొడుకు బెంగళూరు కేంద్రంగా ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో-పైలట్‌గా, పనిచేస్తున్నాడు. సెలవు మీద అనంతపురం వచ్చినప్పుడు రెండు ఉద్యోగాలను పక్కపక్కన పెట్టి నన్నూ మా నాయననూ సలహా అడిగాడు. ఇప్పుడున్న చిన్న సంస్థలో రోస్టర్ వేసేవాళ్లు, అంటే ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీ అని నిర్ణయించే క్రూ షెడ్యూలర్లు, నలుగురో ఐదుగురో ఉంటారు. అందరూ అతనికి తెలిసినవాళ్లే, ఇబ్బంది వస్తే నేరుగా ఫోను చేసి చెప్పుకోగలడు. రమ్మంటున్న పెద్ద సంస్థలో పైలట్లు తమ కోరికలను ముందుగా సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేస్తే, అది సీనియారిటీని బట్టి నెల డ్యూటీలు పంచుతుంది. షెడ్యూలర్‌తో మాట్లాడవలసిన అవసరం అరుదుగానే వస్తుంది. జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తన నిద్ర, తన పండుగలు, తన బిడ్డ పుట్టినరోజు తెలిసిన మనిషి చేతిలో ఉంటే మేలా, ముఖం లేని లెక్క చేతిలో ఉంటే మేలా అన్నదే అతని సందేహం.

ఈ సందేహం మా ఇంటికి కొత్తది కాదు. మా నాయన గుంతకల్లు డివిజన్‌లో గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ప్యాసింజరు బండ్ల డ్రైవర్లకు లింకు అనే ముందే వేసిన డ్యూటీ పట్టిక ఉంటుంది కనుక ఏ రోజు ఏ బండి ఎక్కాలో ముందే తెలుస్తుంది. గూడ్సుకు అలాంటి నిలకడ లేదు. మా చిన్నతనంలో రాత్రి ఒంటిగంటకో రెండింటికో కాల్ బాయ్ సైకిలు మీద క్వార్టర్లకు వచ్చి, తలుపు తట్టి, కాల్ బుక్కులో నాయన చేత సంతకం చేయించుకొని వెళ్లేవాడు. రెండు గంటల్లో నాయన లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే గదిలో, సైన్ ఆన్ చేయాలి. అక్కడ కూర్చొని డ్యూటీలు పంచే క్రూ కంట్రోలర్‌తో స్నేహం ఉంటే రేణిగుంట ట్రిప్పు రాయచూరుకు మారేది, లేకపోతే మారేది కాదు. విమానయానంలో షెడ్యూలర్ అన్న పదం విన్నప్పుడల్లా నాకు ఆ లాబీ కిటికీయే గుర్తుకు వస్తుంది.

తెలిసిన మనిషి ఉండే ఏర్పాటులో మేలు చాలా ఉంది, దానిని తక్కువ చేయను. ఏ సాఫ్ట్‌వేర్‌కూ కనిపించని విషయాలు షెడ్యూలర్‌కు కనిపిస్తాయి. మా అక్కకు కడపలో ఆపరేషన్ జరిగిన వారంలో, అతను అడగకముందే, ఒక షెడ్యూలర్ అతని డ్యూటీని మరో ఫస్ట్ ఆఫీసరుతో మార్చి రెండు రోజులు ఖాళీ చేసి ఇచ్చింది. వరుసగా తెల్లవారుజాము డ్యూటీలు పడినవాడి గొంతులో అలసటను మనిషి పసిగట్టగలదు. నిబంధన ప్రకారం గంటలు సరిపోయినా, ఈ రోజు ఇతన్ని కదిలించకూడదు అనుకోగలదు.

అయితే అదే సహాయం తర్వాత బాకీగా మారింది. మరికొన్ని నెలలకు, అనంతపురంలో బంధువుల పెళ్లిలో ఉండగా, అదే షెడ్యూలర్ ఫోను చేసి, పొద్దున రెండు సెక్టార్లకు, అంటే రెండు విమాన ప్రయాణాలకు, మనిషి లేడనీ, ఎలాగైనా రావాలనీ బతిమాలింది. వారపు విశ్రాంతి అప్పటికే పూర్తయింది కనుక కాగితం మీద తప్పు లేదు. కాదనే హక్కు అతనికి ఉంది, కానీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆదుకున్న మనిషికి కాదని చెప్పలేకపోయాడు. పెళ్లి ఇంట్లో సరిగా నిద్ర లేకుండానే అర్ధరాత్రి బయలుదేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటి దేవనహళ్లి విమానాశ్రయం దాకా కారు తానే నడుపుకుంటూ వెళ్లాడు. డ్యూటీ లెక్క రిపోర్టింగ్ సమయం నుంచి మొదలవుతుంది గనుక, ఆ ప్రయాణం ఏ లెక్కలోకీ రాలేదు. ఆ రోజు ఏమీ జరగలేదు. కానీ జరగలేదన్న మాటతో నాకు మనసు కుదుటపడలేదు. 2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న ప్రమాదంపై జరిగిన విచారణ, కెప్టెన్ ప్రయాణంలో ఎక్కువసేపు నిద్రపోయాడనీ, నిద్ర మత్తు అతని నిర్ణయాలను దెబ్బతీసి ఉండవచ్చనీ చెప్పింది. నిద్ర విషయంలో మొహమాటానికి తావు ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అతని షెడ్యూలర్ చెడ్డది కాదు. ఆ స్నేహమే అతని నోటిని కట్టేసింది.

కోరికలు నమోదు చేసే పద్ధతిలో ఈ బాకీ ఉండదు. అమెరికా విమాన సంస్థల్లో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. అక్కడ సీనియారిటీ సంఖ్యే అన్నిటికీ మూలం, ఎవరికి ఏది ఎందుకు వచ్చిందో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పక్షపాతం అన్న మాటకు చోటు తగ్గుతుంది, నెల ముందే ఇంటి పనులు కుదుర్చుకోవచ్చు. దీని ఖరీదు కూడా చిన్నది కాదు. కొత్తగా చేరినవాడు జాబితా అడుగున ఉంటాడు. పెద్దలు ఏరుకోగా మిగిలిన డ్యూటీలు, అంటే సంక్రాంతి, ఉగాది రోజులూ రాత్రి సెక్టార్లూ, అతనికి మిగులుతాయి. మా వాడు సంస్థ మారితే సీనియారిటీ మళ్లీ మొదటి నుంచి ప్రారంభమవుతుంది. మొదటి నాలుగైదేళ్లు అతని కోరికలు నమోదవుతాయే గాని నెరవేరేవి కొన్నే అని అతనికి ముందే చెప్పాను.

రోస్టర్ ఎవరు వేసినా, అది చెదిరిన రోజున ఏమి జరుగుతుందన్నది మరో కోణం. 2022 డిసెంబరు చివర అమెరికాలో మంచు తుపాను వచ్చినప్పుడు సౌత్‌వెస్ట్ సంస్థ 16 వేలకు పైగా విమానాలను రద్దు చేసింది. తుపాను వెళ్లిపోయినా ఆ సంస్థ కోలుకోలేకపోయింది, ఎందుకంటే ఏ పైలట్ ఏ ఊరిలో ఉన్నాడో దాని షెడ్యూలింగ్ వ్యవస్థకే తెలియకుండా పోయింది. సిబ్బంది తాము ఎక్కడున్నామో చెప్పడానికి షెడ్యూలర్లకు ఫోను చేసి గంటల తరబడి లైనులో వేచి ఉన్నారు. మామూలు రోజుల్లో మనిషి అవసరం లేకుండా నడిచే ఏర్పాటు, చెడు రోజున మనిషి కోసమే వెతుక్కుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఉంటే షెడ్యూలర్ అక్కరలేదన్న వాదనను నేను ఒప్పుకోను.

ఇంతవరకు విన్న మా నాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ రెండు చోట్లా స్పేర్ ఎంతమందిని పెట్టినారు?" అవసరం పడితే పిలవడానికి సిద్ధంగా ఉంచే మనిషిని రైల్వే లాబీలో స్పేర్ అంటారు, విమానాల్లో స్టాండ్‌బై అంటారు. నాయన అనుభవంలో, చేతిలో నలుగురు స్పేర్ ఉన్న రోజున ఏ కంట్రోలరూ ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఒక్కడూ లేని రోజున మంచి కంట్రోలరు కూడా రెస్టు పూర్తికాకముందే కాల్ పంపించాడు. ఆ మాట విన్నాక నా ఆలోచన మారింది. పైలట్‌కూ షెడ్యూలర్‌కూ మధ్య ఉండే మంచి చెడులకు మనం స్వభావాలను కారణంగా చూపిస్తాం, కానీ వాటిని ఎక్కువగా నిర్ణయించేది ఆ సంస్థ ఎంతమంది పైలట్లను పెట్టుకున్నదన్న లెక్క.

2025 డిసెంబరులో దేశమంతా చూసినది దీనికి నిదర్శనం. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో సవరించిన, పైలట్ల పనిగంటల నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి, ఉదయం 5 గంటలతో ముగిసే రాత్రి వేళను 6 గంటల దాకా పొడిగించాయి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. రెండో విడత 2025 నవంబరు 1న అమలులోకి వచ్చింది. దానికి తగినంత మంది పైలట్లను సమకూర్చుకోని ఇండిగో, డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలను రద్దు చేసింది; ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా తాత్కాలిక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. వారపు విశ్రాంతికి బదులుగా సెలవును చూపించరాదన్న నియమాన్ని కూడా డీజీసీఏ అప్పుడు వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లో పైలట్లకు ఒకదాని వెనుక ఒకటి ఫోన్లు చేసిన షెడ్యూలర్ల స్థితిని ఎవరూ తలచుకోలేదు. విమాన సిబ్బందికి వర్తించే ఈ పరిమితులు షెడ్యూలర్లకు వర్తించవు. రాత్రంతా మేలుకొని, లేని మనుషులను ఉన్నట్టు సర్దుతూ, పైఅధికారుల చేతా పైలట్ల చేతా మాటలు పడే ఆ ఉద్యోగి కూడా నా దృష్టిలో అలసిన మనిషే.

అందువల్ల నా తీర్పు ఇది. రెండు సంస్థల్లో స్టాండ్‌బై పైలట్లు సమానంగా ఉంటే, నెల రోస్టర్‌ను సాఫ్ట్‌వేర్ పంచే చోటే మేలు, ఎందుకంటే అక్కడ అలసిపోయానని చెప్పడానికి ఎవరి సహాయమూ గుర్తుకు రాదు. పండుగలు కొన్నేళ్లు పోతాయి, పోనీ. పెద్ద సంస్థలో స్టాండ్‌బై తక్కువగా ఉంటే ఉన్నచోటే ఉండడం మంచిది, కాకపోతే సహాయాన్ని సహాయంగానే తీసుకొని, డ్యూటీ విషయంలో బాకీ తీర్చే అలవాటును అతను మానుకోవాలి. ఆ షెడ్యూలర్‌కు ఈ మాటను ముఖాముఖి చెప్పమన్నాను. ఆమె నొచ్చుకుంటుందని నేను అనుకోను.

మరుసటి రోజు బయలుదేరే ముందు అతను పెద్ద సంస్థలో పనిచేస్తున్న తన బ్యాచ్‌వాడికి ఫోను చేసి రెండు విషయాలు అడిగాడు: బెంగళూరు బేస్‌లో రోజుకు ఎంతమంది ఫస్ట్ ఆఫీసర్లు స్టాండ్‌బైలో ఉంటారు, అలసిపోయానని డ్యూటీ వదులుకున్నవాడి రికార్డులో దానిని ఏ పేరుతో రాస్తారు. మొదటిదానికి జవాబు వెంటనే వచ్చింది. రెండోదానికి ఆ మిత్రుడు కాసేపు ఆగి, కనుక్కొని చెబుతానన్నాడు. ఆ జవాబు వచ్చేదాకా రాజీనామా రాయవద్దని నాయన అతనికి చెప్పి పంపారు.