బారోనెట్ గారింట్లో 185 పౌండ్ల చలి

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా: “బారోనెట్ గారి భవనంలో బస” (బారోనెట్ అంటే వంశపారంపర్యంగా వచ్చే బ్రిటిష్ బిరుదు) అన్న ప్రకటన కనిపిస్తే పర్సు గట్టిగా పట్టుకోండి. పేరు రాయను గానీ, రాత్రికి మా గదికి 185, మామగారి గదికి 160 పౌండ్లు పోశాం. కిటికీ సందుల్లోంచి ఈదురుగాలి, పది కొట్టగానే రేడియేటర్ బంద్. రిసెప్షన్‌లో అడిగితే “పాత భవనం కదా, దాని అందమే అది” అన్నారు. విడి హీటర్‌కు ఇంకో 10. శాకాహారులమని బుకింగ్‌లోనే రాశాం. పొద్దున పళ్లెంలో ఒక వేయించిన పుట్టగొడుగు, సగం టమాటా, డబ్బా చిక్కుడు గింజలు. మెట్ల పక్కన వరసగా వేలాడుతున్న తాతముత్తాతల పటాలు చూసి వీళ్లెవరయ్యా అని మామగారు అడిగితే, టీ తెచ్చిన కుర్రాడు నిజం చెప్పేశాడు. వేలంలో కొన్నవట! అసలు కుటుంబం ఇల్లమ్ముకుని వెళ్లి చాలా కాలమైందట. పైగా బిల్లులో 12.5 శాతం సేవా రుసుము. తీసేయమన్నాను. తీశారు, మొహం మాడ్చుకుని.

మామగారు రిటైరైన చరిత్ర మాస్టారు. అసలు ఈ బిరుదు పుట్టిందే డబ్బు కోసం అంటారాయన. 1611లో జేమ్స్ రాజు పెట్టాడు: ఐర్లండ్ ఉత్తరాన అల్‌స్టర్‌లో 30 మంది సైనికుల మూడేళ్ల ఖర్చు, అంటే 1095 పౌండ్లు, మూడు వాయిదాల్లో కట్టినవాడు బారోనెట్. పేరు ముందు ‘సర్’ తరతరాలూ ఉంటుంది, పార్లమెంటు ప్రభువుల సభలో మాత్రం కుర్చీ ఉండదు. “వాళ్లకు వాయిదాలైనా ఇచ్చారు” అని మా బిల్లు చూసి చురక విసిరారు. దత్తమండలాల్లో కలెక్టర్‌గా చేసిన మన్రో సంగతి వేరని మాత్రం ఆయన పట్టు. 1825లో బారోనెట్ అయింది పనితనం వల్లేనంటారు. 1827లో మన్రో కలరాతో పోయింది పత్తికొండలో, మామగారిదీ ఆ ఊరే. ఇక ఎదురు చెప్పేదెవరు?

మర్నాడు టిక్నల్ పక్కన కాల్క్ ఆబీ చూశాక గానీ కడుపుమంట చల్లారలేదు. 1626 నుంచి బారోనెట్లయిన హార్పర్ల ఇల్లది, ఇప్పుడున్న భవనం 1701–04లో కట్టింది. జనం పొడ గిట్టని వంశం. ఏడో ఆయన సర్ హెన్రీ ఒక దాసిని పెళ్లాడి లోకానికి దూరమయ్యాడు. పదో ఆయన సర్ వాన్సీ ఎస్టేట్‌లోకి మోటారు కార్లు రానివ్వలేదు, సిగరెట్ కాల్చిందని కన్నకూతుర్నే గెంటేశాడు. ఏ గదిలో చూసినా ఆయన పోగేసిన చచ్చిన పక్షులే, అద్దాల పెట్టెల్లో. కరెంటు 1962 దాకా లేదు. 1981లో వారసుడు హఠాత్తుగా పోతే మరణ పన్ను 80 లక్షల పౌండ్ల దాకా తేలింది, 1985లో ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికొచ్చింది.

ట్రస్ట్ వాళ్లు చేసిన మంచి పనేమిటంటే, సున్నాలు కొట్టి సింగారించలేదు. పెచ్చులూడిన గోడ అలాగే ఉంది, చిరిగిన వాల్‌పేపరూ అలాగే. ఒక చోట మాత్రం కళ్లు చెదిరాయి: పద్దెనిమిదో శతాబ్దపు చైనా పట్టు మంచం. దాని తెరలు పెట్టెల్లోనే ఉండిపోయాయట, అందుకే ముదురు నీలం, దంతపు తెలుపు ఇప్పుడే మగ్గం దిగినట్టున్నాయి. మా ఆవిడను అక్కణ్నుంచి కదిలించడం నా వల్ల కాలేదు.

1924లో వాన్సీ పోతే ఇల్లు పెద్దకూతురు హిల్డాకు వచ్చింది, బిరుదు మగసంతు లేక అంతటితో సరి. మా ఆవిడ ఒక్కత్తే కూతురు. “కారే ఇంటికప్పు కూతురికి, ‘సర్’ మాత్రం కొడుక్కా?” అంది. మామగారు పక్షుల పెట్టెలోకే చూస్తూ నిలబడ్డారు.

ట్రస్ట్ సభ్యత్వం ఉంటే టికెట్టూ పార్కింగూ ఉచితం. తోట, జింకల పార్కు తర్వాతైనా చూడొచ్చు, ముందు ఇంట్లోకి వెళ్లండి. లోపల వెలుతురు తక్కువ, పెద్దవాళ్లుంటే చెయ్యి పట్టుకోండి. ముగ్గురికి టీలు, స్కోన్లు (టీతో తినే చిన్న రొట్టెలు) 22 పౌండ్లయ్యాయి. స్కోన్ మామగారికి గొంతు దిగలేదు, తెచ్చుకున్న పులిహోరే తిన్నారు. రెండో రాత్రి బస రద్దు చేసి డెర్బీలో మామూలు హోటల్‌కు మారాం. గదికి 62 పౌండ్లు, తెల్లవార్లూ వేడినీళ్లు. భవనం వాళ్లు ఆ రెండో రాత్రి డబ్బులో సగం వెనక్కిస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు.