1.5 మి.మీ. హెచ్‌డీపీఈ షీటు: నీటిని ఆపడంలో 5కి 4.5 మార్కులు, థిన్నర్‌ని ఆపడంలో 5కి 1

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్ వైపు చెత్త గుంతకు నల్ల షీటు కొనబోయేవాళ్ల కోసం ఇది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు అడిగిందీ ఇదే: 1.5 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్), దాని కింద 90 సెం.మీ. బంకమట్టి.

నీళ్ల విషయంలో వంక పెట్టలేం. ఉప్పు, సీసం లాంటివీ చిల్లి లేనంతకాలం దాదాపు దాటవు. గొడవంతా పెయింటు డబ్బాల అడుగున మిగిలిన థిన్నర్‌తో, గ్యారేజీ మడ్డితో. వాటిలో ఉండే టోలీన్, జైలీన్, బెంజీన్ అనే ద్రావకాలకు చిల్లితో పనిలేదు. ఇంగువని పాలిథీన్ కవర్లో ఎంత బిగించి కట్టినా అల్మారా అంతా వాసనేస్తుంది కదా, ఇక్కడా అదే. చెత్త ఊటలోని (చెత్తలోంచి కారే మురికినీటిలోని) టోలీన్ ముందు ప్లాస్టిక్‌లో కరుగుతుంది. నీళ్లకన్నా ప్లాస్టిక్కే దానికి ఇష్టం. షీటులో దాని గాఢత ఊటలో కంటే సుమారు వంద రెట్లకు చేరుతుంది. ఆ తర్వాత మెల్లగా జరిగి అవతల తేలుతుంది. 1.5 మి.మీ. దాటడానికి రెండు వారాలు చాలు. వేడి పెరిగితే ఇంకా త్వరగా.

కాబట్టి "2 మి.మీ. వేయండి, ఏదీ దాటదు" అంటే నమ్మొద్దు. రెండు వారాలు మూడున్నర వారాలవుతాయి, దాటే మోతాదు పావు వంతు తగ్గుతుంది, అంతే. వీటిని నిజంగా అడ్డుకునేది మధ్యలో ఈవీఓహెచ్ (ఇలాంటి ద్రావకాలను ఆపే మరో రకం ప్లాస్టిక్) పొర ఉన్న షీటు. అది దొరక్కపోతే మందం షీటుకి పెట్టబోయే అదనపు డబ్బు మట్టి మీద పెట్టండి. టోలీన్‌ని ఏళ్లతరబడి పట్టి ఉంచేది ఆ 90 సెం.మీ. మట్టే.

మన నల్లరేగడి బంకే గానీ, ఎండితే వేలు దూరేంత నెర్రెలిస్తుంది. తడి చూసుకుని 15 సెం.మీ. పొరలుగా రోలర్ తిప్పించి, చివరి పొర ఆరకముందే షీటు కప్పాలి. పరిచేది పొద్దున్నే. 20 డిగ్రీల తేడాకి 100 మీటర్ల రోలు సుమారు 40 సెం.మీ. సాగి ముడతలు పడుతుంది. ముడత దగ్గర చిల్లి పడిందా, ఊట ముడత కింది ఖాళీ పొడవునా పరుగెడుతుంది.

అతుకు పరీక్షలో ఒక మోసం ఉంది. రెండు షీట్లను పక్కపక్కన రెండు గీతలుగా అతికించే జంట అతుకు మధ్య కాలువలో గాలి నింపి, ఐదు నిమిషాలు గేజి ముల్లు నిలిస్తే పాస్ రాసేస్తారు. అప్పుడు అవతలి చివర కత్తిరించమనండి. ముల్లు పడిపోతేనే గాలి అతుకు పొడవునా వెళ్లినట్టు. పడకపోతే కాలువ మధ్యలో ఎక్కడో మూసుకుపోయింది, అక్కడి నుంచి అవతలి భాగమంతా పరీక్ష కానట్టే.